బడి గంట తర్వాతి పద్దు

డిసెంబరులో అబర్డీన్ బజార్‌లో సాయంత్రం ఐదింటికే దీపాలు వెలిగించాలి. గడియారం మనతో సమానంగా నడుస్తుంది గాని సూర్యుడు బర్మా లెక్కన అస్తమిస్తాడు. గడియార స్తంభం పరిసరాల్లోని దుకాణాల్లో హిందీ, బెంగాలీ, తమిళం ఎంత సహజంగా వినిపిస్తాయో శ్రీకాకుళం యాస తెలుగు కూడా అంత సహజంగా వినిపిస్తుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లోని 3.8 లక్షల జనంలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు.

కొన్నేళ్ల క్రితం వృత్తిపనిమీద అక్కడికి వెళ్లినప్పుడు ఒక దుకాణంలో ఏడో తరగతి కుర్రవాడు బడి చొక్కాతోనే ఉల్లిపాయలు తూస్తూ కనిపించాడు. తండ్రిని అడిగితే దాపరికం లేకుండా చెప్పాడు: “బడి అయ్యాక ఇంకెక్కడికెళ్తాడు బాబూ? ఇంటికాడ ఎవులూ ఉండరు. ఇక్కడైతే నా కళ్ల ముందుంటాడు.” ఆ మాటలో తప్పుపట్టడానికి ఏమీ లేదు. చట్టం కూడా ఆయన పక్షమే. 2016లో సవరించిన బాల కార్మిక చట్టం పద్నాలుగేళ్లలోపు పిల్లలను పనిలో పెట్టుకోవడాన్ని నిషేధిస్తూనే, ప్రమాదకరం కాని కుటుంబ వ్యాపారంలో బడి వేళల తర్వాత, సెలవుల్లో సాయపడవచ్చని మినహాయింపు ఇచ్చింది. బడి వేళల తర్వాతి సమయం మన కేంద్ర చట్టంలో ఇంత స్పష్టంగా ప్రస్తావనకు వచ్చిన సందర్భం నాకు తెలిసినంతలో ఇదొక్కటే. అదీ పని చేయించుకోవడానికి అనుమతిగా.

ఆ సమయానికి సర్కారు ఎప్పుడు, ఎంత డబ్బు ఇచ్చిందన్నది ఈ వ్యాసంలో నా ప్రశ్న. అబర్డీన్ చరిత్ర దానికి విచిత్రమైన జవాబులిస్తుంది.

1858 మార్చిలో డాక్టర్ వాకర్ రెండు వందల మంది ఖైదీలతో ఈ రేవులో దిగాడు. మరుసటి ఏడాది మే 17న అండమానీ తెగలవారు బ్రిటిషు స్థావరంపై విరుచుకుపడిన పోరు అబర్డీన్ యుద్ధంగా చరిత్రకెక్కింది. 1863లో ఎదురుగా ఉన్న రాస్ దీవిలో పాదరీ హెన్రీ కార్బిన్ ‘అండమాన్ హోమ్’ తెరిచి తెగల పిల్లలకు ఇంగ్లీషు నేర్పబోయాడు. దాన్ని విద్య అనడం కంటే మచ్చిక చేసుకోవడం అనడం న్యాయం. 1879 రంప పితూరీలో పట్టుబడిన మన మన్యం మనుషులను సైతం ద్వీపాంతరం పంపింది ఈ రేవుకే.

బజారుకు కూతవేటు దూరంలో ఉన్న సెల్యులార్ జైలు కథ వేరు. 1933 మేలో రాజకీయ ఖైదీలు నిరాహార దీక్షకు దిగారు. బలవంతంగా ఆహారం ఎక్కించే ప్రయత్నాల నడుమ మహావీర్ సింగ్, మోహన్ కిశోర్ నమోదాస్, మోహిత్ మొయిత్రా ప్రాణాలు కోల్పోయారు. ఆ దీక్ష తర్వాత సాధించుకున్న వసతుల్లో దీపాలు, పుస్తకాలు, పత్రికలు ఉన్నాయి. పని గంటలు ముగిశాక ఖైదీలే ఒకరికొకరు పాఠాలు చెప్పుకొన్నారు. చీకటి పడ్డాక చదువుకోవడానికి ఒక దీపం కావాలని ఈ ఊళ్లో మనుషులు చచ్చిపోయారన్న సంగతి పర్యాటకులకు వినిపించే కథల్లో పెద్దగా వినపడదు.

అదే దశాబ్దంలో పంజాబీ కవి, వైద్యుడు దీవాన్ సింగ్ ‘కాలేపానీ’ పోర్ట్‌బ్లెయిర్‌లో గురుద్వారా నెలకొల్పి పిల్లలకు చదువు చెప్పే ఏర్పాటు చేశారు. అక్కడ పంజాబీతో పాటు తమిళం, తెలుగు కూడా నేర్పేవారు. ఒక సిక్కు వైద్యుడి గురుద్వారాలో తెలుగు అక్షరాలు! జపాను సేనల ఆక్రమణ కాలంలో ఆయనను చిత్రహింసలు పెట్టారు. 1944 జనవరిలో మరణించారు. తెలుగు పత్రికల్లో ఆయన పేరు చూసిన గుర్తు నాకు లేదు.

ఇక సర్కారు డబ్బు సంగతి. విద్యకు ‘గ్రాంట్-ఇన్-ఎయిడ్’ అనే పద్ధతి మన దేశానికి 1854 నాటి వుడ్ నివేదికతో వచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీలో అది చాలాకాలం ‘ఫలితాల గ్రాంటు’గా నడిచింది. ఇన్‌స్పెక్టరు వచ్చి పరీక్ష పెడతాడు, ఎందరు పిల్లలు గట్టెక్కితే పంతులుకు అంత సొమ్ము. మన వీధిబడుల పంతుళ్లు ఆ రోజు కోసం పిల్లలను ఎలా బట్టీ పట్టించి ఉంటారో ఊహించడం కష్టం కాదు. 1882 హంటర్ కమిషన్ వీలైన చోటల్లా రాత్రిబడులను ప్రోత్సహించాలని సిఫారసు చేసింది. పగలు పనికిపోయే పిల్లవాడు ఒకడున్నాడని సర్కారీ కాగితం గుర్తించింది.

స్వాతంత్య్రం తర్వాత ఆ ఎరుక మొదట బాలభవన్ రూపంలో కనిపించింది. 1956లో నెహ్రూ చొరవతో ఢిల్లీలో వెలసిన ఈ సంస్థలో మార్కులు లేవు. చిత్రలేఖనం, నాటకం, విజ్ఞానం ఉన్నాయి. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోని జవహర్ బాలభవన్‌కు వెళ్లిన తరం వారికి వేరే చెప్పనక్కర్లేదు. అయితే అది నగరంలో ఒక చోట ఉన్న ఒక భవనంగానే మిగిలింది. ప్రతి బడికీ చేరే పద్దు కాలేదు.

ప్రతి బడికీ చేరే పద్దులు సర్వశిక్షా అభియాన్‌తోనూ, 2018లో దాని స్థానంలో వచ్చిన సమగ్ర శిక్షతోనూ వచ్చాయి. చూడండి, ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు ఉన్న ప్రభుత్వ పాఠశాలకు క్రీడా గ్రాంటు ఏడాదికి రూ.10,000. విద్యాహక్కు చట్టం ఆ తరగతులకు నిర్దేశించిన పనిదినాలు 220. భాగించి చూస్తే మొత్తం బడికి రోజుకు నలభై అయిదు రూపాయలు. బంతి, వల, విజిల్, అన్నీ అందులోనే. సాయంత్రం పిల్లలతో ఉండే మనిషికి ఇవ్వడానికి అందులో ఏమీ మిగలదు. అదే చట్టం ఉపాధ్యాయుడు ప్రైవేటు ట్యూషన్లు చెప్పరాదని 28వ సెక్షన్‌లో కట్టడి చేసింది. సరైన పనే. కానీ ట్యూషన్ వద్దన్నవారు దాని బదులు ఏం ఉంటుందో చెప్పలేదు. చిన్నపిల్లలకు అంగన్‌వాడీ ఉంది. ఎనిమిది దాటిన పేద విద్యార్థికి జాతీయ మెరిట్ స్కాలర్‌షిప్ ఉంది. పదకొండు నుంచి పద్నాలుగేళ్ల మధ్య పిల్లవాడు ఈ రెండింటి మధ్య సందులో పడిపోయాడు.

అమెరికా ఈ విషయంలో మనకంటే గొప్పదని నేను అనను. కానీ అక్కడ ఈ సమయానికి బడ్జెట్‌లో ఒక పేరుంది. 1994లో చట్టంలోకి ఎక్కిన ‘21వ శతాబ్దపు సామాజిక అభ్యసన కేంద్రాలు’ అన్న పథకానికి 1998లో 4 కోట్ల డాలర్లిచ్చారు. 2002 నాటికి అది వంద కోట్లయింది. 2003లో వచ్చిన ఒక మూల్యాంకన నివేదిక, మిడిల్ స్కూలు పిల్లల చదువుల్లో ఆశించిన మెరుగుదల లేదని తేల్చింది. వెంటనే బుష్ ప్రభుత్వం నిధులను 60 కోట్లకు తగ్గించబోయింది. అప్పటికి ఇంకా గవర్నరు కాని సినీనటుడు ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ సెనేట్ కమిటీ ముందుకు వచ్చి వ్యతిరేకంగా సాక్ష్యమిచ్చాడు. కోత ఆగింది. 2025 జూలైలో ట్రంప్ ప్రభుత్వం ఇదే సొమ్మును నిలిపివేస్తే అధికార పక్ష సెనేటర్లే పదిమంది లేఖ రాశారు. ఆ నెలలోనే విడుదల చేయక తప్పలేదు. పేరున్న పద్దును కోయబోతే రక్తం కనిపిస్తుంది. పేరు లేనిదాన్ని కోసినా ఎవరికీ తెలియదు.

అండమాన్‌లో ఆ కోతను అడిగేవారు మరీ తక్కువ. దీవులకు శాసనసభ లేదు. సమగ్ర శిక్ష నిధులు నూటికి నూరుపాళ్లు కేంద్రానివే. దీవుల సొంత ఖర్చు కేంద్ర హోంశాఖ పరిధిలోని ఒక డిమాండ్‌గా పార్లమెంటు ముందుకు వస్తుంది. లోక్‌సభలో వారికి ఒక్క స్థానం. మొదటి సభకు నికోబారీ బిషప్ జాన్ రిచర్డ్‌సన్‌ను రాష్ట్రపతి నామినేట్ చేశారు. ఆయన స్వయంగా బడిపంతులుగా పనిచేసినవారు. అక్కడి ప్రజలు ఓటు వేసి తమ సభ్యుణ్ణి ఎన్నుకున్నది 1967లో.

పార్లమెంటు ప్రెస్ గ్యాలరీలో బడ్జెట్ సమావేశాలు చూసినవారికి ‘గిలటిన్’ అంటే తెలుసు. నాలుగైదు శాఖల డిమాండ్లపై చర్చ నడుస్తుంది. గడువు రాగానే మిగిలినవన్నీ కలిపి ఒకే ఓటుతో గట్టెక్కిస్తారు. దీవుల డిమాండ్ చాలా ఏళ్లు ఆ మూటలోనే వెళ్లింది. అది వెళ్లే సాయంత్రం మేమంతా గ్యాలరీలోంచి లేచి క్యాంటీన్‌కు పోతాం. నేనూ పోయాను.

2024 సెప్టెంబరులో పోర్ట్‌బ్లెయిర్ పేరును శ్రీవిజయపురం చేశారు. దానిపై మా వృత్తివారు రోజుల తరబడి రాశారు, మాట్లాడారు. నేను ఈ వ్యాసం కోసం ఆ కుర్రవాడి వయసు లెక్కవేసుకుంటే ఈపాటికి ఇంటర్ కూడా దాటి ఉండాలి. త్రాసు దగ్గర ఇప్పుడు అతని తమ్ముడు ఉన్నాడో లేడో, ఈసారి వెళ్లినప్పుడు చూడాలి.