వసారాలోకి వెలుగు ఎలా వచ్చింది?

స్టూవర్టుపురం అనగానే చాలామందికి సినిమాల్లో దొంగలే గుర్తొస్తారు. ఈ ఎపిసోడ్‌లో దొంగల్లేరు, ఎండ ఉంది.

మిట్టమధ్యాహ్నం ఇక్కడ ఏ ఇంటి వసారాలోనైనా కూర్చోండి. మీ మీద ఎండ పడదు, అయినా ఎదుటి మనిషి మొహం చక్కగా కనిపిస్తుంది. వాకిట్లో పడ్డ ఎండ నేలకి తగిలి, గోడకి తగిలి ఆ మొహం మీదకొస్తోంది. ఇదే ఇన్‌డైరెక్ట్ లైట్. కంప్యూటర్ గ్రాఫిక్స్‌కి 40 ఏళ్లుగా తలనొప్పి ఇదే.

1984లో అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీ వాళ్లు రేడియాసిటీ తెచ్చారు. గోడల్ని ముక్కలు చేసి, ఏ ముక్క నుంచి ఏ ముక్కకి ఎంత వెలుగు వెళ్తుందో లెక్కేయడం. 1,000 ముక్కలుంటే 10 లక్షల జతలు! 1986లో జేమ్స్ కజియాది ఇంకో దారి: కిరణాల్ని లాటరీ తీసినట్టు వదిలి సగటు కట్టడం. లెక్క కరెక్టే, కానీ బొమ్మ నిండా ఇసక చల్లినట్టు చుక్కలు. అవి సగానికి తగ్గాలంటే కిరణాలు 4 రెట్లు కావాలి, పావుకి తగ్గాలంటే 16 రెట్లు. ఒక్క ఫ్రేమ్‌కి గంట పట్టిందనుకోండి, నిమిషం సినిమాకి 1,440 గంటలు. ఒకే మెషీన్ అయితే 60 రోజులు.

నాకు బాగా నచ్చేది గ్రెగ్ వార్డ్ బృందం 1988లో పట్టిన కిటుకు. గోడ మీద ఇలా తగిలొచ్చిన వెలుగు మెల్లగా మారుతుంది కదా, అడుగడుగునా కొలవడం దేనికి? అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టి చూస్తాం, గిన్నెంతా పిసకం. అక్కడక్కడ కొలిచి మధ్యలోది అంచనా కట్టారు. మూలల్లో మాత్రం దగ్గర దగ్గరగా కొలిచారు. 2004లో ష్రెక్ 2 వాళ్లు ఇదే వాడి, వెలుగుని ఒక్కసారి తగలడంతోనే ఆపేశారు. లెక్కల కోసం ఆకారాల్ని కూడా ముతగ్గా తీసుకున్నారు. థియేటర్లో ఎవరు కనిపెట్టారు?

గేములకి అంత టైమ్ కూడా లేదు. సెకనుకి 60 ఫ్రేములంటే ఒక్కోదానికి 17 మిల్లీసెకన్లు కూడా దక్కవు. అందుకే 1996లో క్వేక్ వెలుగుని ముందే లెక్కేసి గోడలకి అతికించేసింది, మరుసటేడు క్వేక్ 2 దానికి రేడియాసిటీ కలిపింది. మీ ఫోన్ గేముల్లో చాలావరకు ఇప్పటికీ అదే. తలుపు తెరిచినా గదిలో వెలుగు మారకపోతే కారణం అదే.

2018లో ఆర్‌టీఎక్స్ కార్డులొచ్చాయి. పిక్సెల్‌కి ఒకటి రెండు కిరణాలే వదిలి, మిగిలిన ఇసకని డీనాయిజర్‌తో తుడవడం మొదలైంది. 2022కి రే ట్రేసింగ్ ఫోన్ చిప్పుల్లోకీ వచ్చేసింది. నేనైతే ఫోన్లో ఇంకా అతికించిన వెలుగుకే ఓటేస్తా. చేతిలో ఫోన్ కాలిపోతుంటే వసారా ఎంత అందంగా ఉంటే ఏం లాభం చెప్పండి?