సముద్ర వీక్షణ: ఇంగ్లిష్ చానల్‌లో వసంత వలస లెక్కింపు

తీరాన ఒకేచోట ఉండి, సముద్రం మీదుగా సాగిపోయే పక్షులను జాతుల వారీగా గుర్తించి, గంటల లెక్కన నమోదు చేసే పద్ధతిని సముద్ర వీక్షణ అంటారు; బ్రిటన్‌లో దీనికి ‘సీవాచింగ్’ అన్న పేరు స్థిరపడింది. దక్షిణాన చలికాలం గడిపిన పక్షులు మార్చి నుంచి మే వరకు ఉత్తర ఐరోపాకు, రష్యా టండ్రాకు తిరిగి వెళ్లేటప్పుడు, వాటిలో కొన్ని ఇంగ్లిష్ చానల్ గుండా తూర్పుకు సాగుతాయి. ఈ జలమార్గం డోవర్ వద్ద సుమారు 33 కిలోమీటర్లకు ఇరుకవుతుంది కాబట్టి, సెల్సీ బిల్, బీచీ హెడ్, డంజెనెస్ వంటి దక్షిణ తీరపు భూశిరాలు వీక్షణకు అనువైనవయ్యాయి.

ఒకే స్థలం నుంచి ఏళ్ల తరబడి వలసను గమనించే సంప్రదాయానికి ఉత్తర సముద్రంలోని హెలిగోలాండ్ ద్వీపం ఆదర్శమైంది. అక్కడ అర్ధశతాబ్దానికి పైగా నివసించిన హైన్రిష్ గేట్కె తన పరిశీలనలను 1891లో గ్రంథంగా వెలువరించాడు. బ్రిటన్‌లో తొలి పక్షి పరిశీలన కేంద్రాన్ని రొనాల్డ్ లాక్లీ 1933లో స్కోఖోమ్ ద్వీపంలో నెలకొల్పగా, చానల్ తీరాన డంజెనెస్ కేంద్రం 1952లో, పోర్ట్‌లండ్ కేంద్రం 1961లో ఏర్పడ్డాయి. పక్షులను పట్టి కాళ్లకు కడియాలు తొడిగే పనితోపాటు సముద్రం మీది రాకపోకలను లెక్కించడమూ ఇటువంటి కేంద్రాల దినచర్యలో భాగమైంది.

మార్చిలో బ్రెంట్ బాతులు, ఏప్రిల్‌లో నీటికి ఆనుకుని బారులుగా పోయే స్కోటర్ బాతులు, ఆ నెలాఖరున గాడ్‌విట్లు సాగిపోతాయి. మే మొదటి పక్షంలో వీక్షకులు ఎక్కువగా ఎదురుచూసేది పొమరైన్ స్కువా కోసం. ఇతర పక్షుల నోటి ఆహారాన్ని లాక్కునే ఈ బలిష్ఠమైన పక్షి తోక నడిమి ఈకలు పొడవుగా సాగి, కొసన మెలితిరిగి చెంచాల్లా కనిపిస్తాయి. టండ్రాలో ఇది లెమ్మింగ్ అనే ఎలుకజాతి జంతువులు సమృద్ధిగా ఉన్న ఏడాదే బాగా పిల్లలను పెంచగలుగుతుంది. ఆగ్నేయ గాలి వీచినప్పుడు పక్షులు ఇంగ్లండ్ తీరానికి దగ్గరగా జరుగుతాయి కనుక, అనుభవజ్ఞులు ముందుగా గాలి దిశను చూసుకుంటారు.

దూరదర్శినిని ముక్కాలిపీటపై నిలిపి, పొడవైన బారు ఎదురైతే మొదట పది పక్షులను లెక్కించి, ఆ నిడివినే కొలబద్దగా చేసుకుని మిగతా బారును అంచనా కట్టడం వాడుక. జాతి, సంఖ్య, దిశలతోపాటు గాలి, వెలుతురు, వీక్షించిన వ్యవధి కూడా రాస్తారు. చూపు అందని దూరంలో, పొగమంచులో, చీకట్లో దాటిపోయినవి లెక్కకు రావు గనుక నమోదైన సంఖ్య కనిష్ఠమే అవుతుంది. ఎంతసేపు చూశారో తెలియని లెక్కను మరో ఏటి లెక్కతో పోల్చడానికి వీలుండదు. అందువల్ల ఒక్క పక్షీ కనిపించని గంటను కూడా నమోదు చేయడం ఈ శాస్త్రానికి ప్రాథమిక నియమం.