సరూప త్రిభుజాలు: తెలియని భుజం కనుగొనడం

రెండు త్రిభుజాల అనురూప కోణాలు సమానమైతే అనురూప భుజాల నిష్పత్తులూ సమానమే. అవి సరూప త్రిభుజాలు. మూడు కొలతలు తెలిస్తే నాలుగోది త్రైరాశికంతో వస్తుంది. తెలంగాణ పదో తరగతి గణితంలో ఇదొక అధ్యాయం.

మొయినాబాద్, చేవెళ్ల దారి పక్కనున్న పాత మర్రిచెట్లు ఈ లెక్కకు చక్కగా కుదురుతాయి. నిటారుగా పాతిన 1.5 మీటర్ల కర్ర నీడ 2 మీటర్లు, అదే సమయంలో చెట్టు నీడ 16 మీటర్లు ఉందనుకుందాం. సూర్యకిరణాలు సమాంతరం కాబట్టి రెండు త్రిభుజాలూ సరూపాలు. చెట్టు ఎత్తు 1.5 × 16 ÷ 2 = 12 మీటర్లు. మర్రితో ఒక చిక్కుంది. మిట్టమధ్యాహ్నం కనిపించే నీడ అంచు చెట్టు కొసది కాదు, పక్కకు చాచిన కొమ్మది. పొద్దు వాలాక, చదును నేల మీద, మొదలు నుంచి కొలవడమే మేలు.

పిల్లలు తడబడేది గుణకారంలో కాదు, భుజాలను జతపరచడంలో. త్రిభుజం ABC, PQR సరూపమని రాస్తే ABకి జత PQ మాత్రమే. శీర్షాల వరుస తప్పితే జవాబూ తప్పుతుంది.

ఈ పద్ధతి మనకు కొత్తది కాదు. సుమారు 499లో ఆర్యభటుడు శంకువు (నిటారుగా నిలిపిన కర్ర) నీడలతో దీపం ఎత్తు, దూరం లెక్కగట్టే సూత్రాలను ‘ఆర్యభటీయం’లో ఇచ్చాడు.