పగలు రోడ్ల డ్యూటీ, రాత్రి రాజ్య నిర్మాణం: నేక్ చంద్ కథ

చిన్నప్పుడు పగిలిన గాజు ముక్కలు ఏరి దాచుకున్నారా మీరు? నేను అగ్గిపెట్టెలో దాచేవాణ్ణి. ఒక ఎర్ర ముక్కకి రెండు పచ్చ ముక్కలు, అదీ మా వీధి రేటు. ఆ అగ్గిపెట్టె ఎప్పుడు పారేశానో గుర్తులేదు. "ఇవేం చేసుకుంటావురా" అని ఎవరో అనే ఉంటారు.

ఈరోజు కథ అలాంటి ముక్కలు పారేయని ఒక పెద్దాయనది. పేరు నేక్ చంద్. ఆయన ఆర్ట్ కాలేజీలో చదవలేదు. చండీగఢ్‌లో రోడ్ ఇన్‌స్పెక్టర్, మామూలు గవర్నమెంటు ఉద్యోగం.

ఆయన 1924లో పుట్టిన ఊరు ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది. 1947 విభజనప్పుడు ఇల్లూ వాకిలీ వదిలేసి కుటుంబం ఇటు వచ్చేసింది. అదే విభజనలో లాహోర్ అటు పోయింది, ఇటువైపు పంజాబ్‌కి కొత్త రాజధాని కావాల్సి వచ్చింది. అదే చండీగఢ్. లే కార్బూజియే అనే ఆర్కిటెక్ట్ ప్లాన్ గీశారు. సెక్టార్లు, గీత గీసినట్టు రోడ్లు, అన్నిటికీ రూల్స్. మన సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో చెప్పాలంటే, స్పెక్‌లో లేని ఫీచర్ ఒక్కటి కూడా ఉండకూడదు.

ఆ సిటీ కోసం అక్కడున్న ఊళ్లని ఖాళీ చేయించి కూల్చేశారు. విరిగిన టైల్స్, పింగాణీ కప్పులు, సైకిల్ ఫ్రేములు, గాజులు... గుట్టలు గుట్టలుగా మిగిలిపోయాయి. అందరికీ అది చెత్త.

1957 ప్రాంతంలో నేక్ చంద్ ఆ చెత్త ఏరడం మొదలుపెట్టారు. డ్యూటీ దిగి సైకిలెక్కి, ఏటి ఒడ్డున వింత ఆకారంలో ఉన్న రాళ్లు కూడా ఏరి తెచ్చేవారు. సుఖ్నా సరస్సు దగ్గర అడవిలో ఒక లోయ ఉంది. చిన్నప్పుడు విన్న రాజుల కథల్లోని రాజ్యాన్ని అక్కడ కట్టుకుంటూ పోయారు. సైకిల్ సీటు జంతువు తల అయ్యేది, ఫోర్కు కాళ్లయ్యేది, ఫ్రేము ఒళ్లయ్యేది. దాని మీద సిమెంటు, సిమెంటు మీద గాజు ముక్కలు. గాజులతోనే చీర కట్టిన ఆడవాళ్ల బొమ్మలు వరసలు వరసలుగా నిలబెట్టారు. చీకటి పడితే పాత టైర్లు కాల్చి, ఆ వెలుగులో పని.

అది ప్రభుత్వ భూమి. ఏమీ కట్టకూడదు. అంటే ఆయన చేసింది ముమ్మాటికీ చట్టవిరుద్ధం. ఒకసారి సర్వం పోగొట్టుకుని వచ్చిన మనిషి, దొరికిపోతే ఉన్న ఒక్క ఉద్యోగమూ పోతుంది. అయినా దాదాపు 18 ఏళ్లు కట్టారు. భార్యకీ, ఒకరిద్దరు నమ్మకస్తులకీ తప్ప ఎవరికీ తెలీదు.

నేను జాబ్‌లో ఉన్నప్పుడు వాటర్ కలర్స్ కొన్నా. మూడోరోజే ఒక బొమ్మ పోస్ట్ చేశా. 11 లైకులొచ్చాయి. మళ్లీ బ్రష్ పట్టలేదు. బొమ్మ మరీ అంత చెత్తగా ఏం లేదు, నిజం చెప్తున్నా!

1970ల మధ్యలో సంగతి అధికారుల కంట పడింది. అప్పటికే ఎకరాల కొద్దీ విస్తరించింది, వందల బొమ్మలు. కూల్చేయాలన్న మాట వచ్చింది. వాళ్లని విలన్లని నేననను, రూల్ ప్రకారం కూల్చాల్సిందే. కానీ జనం ఆయన వైపు నిలబడ్డారు. 1976లో దాన్ని అందరికీ తెరిచారు. ఇంకా తమాషా ఏంటంటే, ఆయనకి 'సబ్ డివిజనల్ ఇంజినీర్, రాక్ గార్డెన్' అని పోస్టు ఇచ్చి, జీతం ఇచ్చి, 50 మంది కూలీలని ఇచ్చారు. దొంగచాటుగా ఆడుకున్న ఆటకి డిజిగ్నేషన్! 1984లో పద్మశ్రీ. తర్వాత ఒకసారి బుల్డోజర్లు వస్తే ఊరి జనమే చేతులు పట్టుకుని అడ్డంగా నిలబడ్డారు. 2015లో, 90 ఏళ్ల వయసులో ఆయన చనిపోయారు. ఇప్పుడా గార్డెన్ 40 ఎకరాలు.

మీ హాబీకి కూడా పద్మశ్రీ వస్తుందని చెప్పట్లేదు, ఆయనకి అదృష్టం కలిసొచ్చింది. ఆరోజు కూల్చేసి ఉంటే మనకి ఆ పేరు కూడా తెలిసేది కాదు. కానీ ఆ టైర్ల వెలుగులో గడిపిన సాయంత్రాలు ఆయనవే కదా, వాటిని ఏ బుల్డోజర్ కూల్చగలదు?

గార్డెన్‌లో తర్వాత కట్టిన భాగంలో పెద్ద పెద్ద ఆర్చీలున్నాయి. వాటికి వరసగా ఉయ్యాలలు వేలాడదీశారు. పిల్లలకోసమే అనుకున్నా నేను. వీడియోల్లో చూస్తే పిల్లల కంటే పెద్దవాళ్లే ఎక్కువ ఊగుతున్నారు, హ్యాండ్‌బ్యాగులు ఒళ్లో పెట్టుకుని మరీ.