గాలి పోతే ఆగాలి

తల వంచి రండి, దూలం కిందికుంది. ఆ మూల బూట్లున్నాయి, మీ కాలికి సరిపడే జత తొడుక్కోండి. హెల్మెట్ కూడా.

ఇంకా ఆరు కాలేదు. మా పేట ఇందా అప్పుడప్పుడే లేస్తోంది. ఖడ్గేశ్వరుడి గుడిలో గంట మోగుతోంది. ఆ స్వామి పేరు మీదే ఈ ఊరు ఖరగ్‌పూర్ అయిందని ఇక్కడివాళ్ళు చెబుతారు. ఓటీ రోడ్డు మీద లారీలు గేరు మారుస్తున్న చప్పుడు. దానికవతల, స్టేషను వైపు నుంచి ఒక బుస్సు. ఏదో రైలు బ్రేకులు వదులుతోంది. ఈ షెడ్డులో పనిచేసేవాళ్ళం ఆ బుస్సు వినే పెరిగాం.

నేలకు బోల్టులతో బిగించి ఉన్న ఈ ఆకుపచ్చ యంత్రమే గాలి వించ్. కరెంటు అక్కర్లేదు, డీజిల్ అక్కర్లేదు. కంప్రెసర్ పంపే గాలితో డ్రమ్ము తిరుగుతుంది, డ్రమ్ము మీద ఇనుప తాడు చుట్టుకుంటుంది, బరువు లేస్తుంది. చమురు బావుల రిగ్గుల మీద, ఓడల డెక్కుల మీద, నిప్పురవ్వ పడితే కొంపలంటుకునే చోట్ల దీన్ని వాడతారు. ఇది ఒక టన్ను వించ్. రెండు వారాల కిందట లారీలో వచ్చింది. విప్పాం, కడిగాం, అరిగినవి మార్చాం. ఇవాళ పరీక్ష.

గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చున్నది మా నాన్న. రైల్వే వర్క్‌షాపులో బోగీల బ్రేకుల పని చేసి రిటైరయ్యారు. మా పెద్దలది శ్రీకాకుళం వైపు. తూర్పు తీరం వెంట రైలు దారి 1893 నుంచి 1896 దాకా ముక్కలు ముక్కలుగా తెరుచుకుంది. 1902లో వాల్తేరుకు ఉత్తరాన ఉన్న భాగం బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే చేతికొచ్చింది. ఆ పట్టాలు పట్టుకునే మన జిల్లాల వాళ్ళు వర్క్‌షాపు పనికి ఖరగ్‌పూర్ చేరారు. అలా చేరినవాళ్ళలో మా ముత్తాత ఒకడు.

“ముందు గాలి లేకుండా సూపించరా. గాలి తరవాత,” అంటున్నారు నాన్న.

సరే. మీరే రండి. రెండు చేతులతో డ్రమ్ము అంచు పట్టుకుని తిప్పండి. ఇంకా గట్టిగా. కదలదు కదా? ఇప్పుడు వించ్‌లో గాలి చుక్క లేదు. ఇది పూర్తిగా చచ్చిన యంత్రం. అయినా బ్రేకు పడే ఉంది. సైకిలు బ్రేకు మనం నొక్కితే పడుతుంది. దీని బ్రేకు ఎప్పుడూ పడే ఉంటుంది. లోపల బలమైన స్ప్రింగులు బ్రేకు పళ్ళేలను అదిమి పట్టి ఉంచాయి. గాలి వచ్చి ఆ స్ప్రింగులను వెనక్కి నెడితేనే డ్రమ్ముకు విడుదల.

ఇప్పుడు గాలి పైపు కాక్ తెరుస్తున్నాను. గేజు ముల్లు చూడండి: రెండు, నాలుగు, ఆరు. బార్ అని పుస్తకాల్లో రాస్తారు, షాపులో అందరం ఆరు కేజీలు అనే అంటాం. మళ్ళీ డ్రమ్ము తిప్పి చూడండి. ఇప్పుడూ కదలదు. గాలి వాల్వు దాకా వచ్చి వాకిట్లో నిలబడింది. లీవరు లాగుతున్నాను. అదిగో, గాలి ఒకేసారి రెండు దారుల్లో వెళ్ళింది. ఒక దారి మోటారుకు, ఒక దారి బ్రేకుకు. బ్రేకు విడింది, డ్రమ్ము తిరిగింది. చెయ్యి వదిలాను. లీవరు తనంతట తాను నడిమికి వచ్చేసింది. బుస్సుమని బ్రేకులోని గాలి బయటికి పోయింది, టక్కున పట్టు పడింది.

ఆ టక్కు కోసమే ఈ రెండు వారాల పని.

“మా బోగీలదీ ఇదే నీతి,” అంటున్నారు నాన్న. రైల్లో స్ప్రింగు బదులు ప్రతి బోగీ కిందా గాలి నిలవ ఉంచిన టాంకీ ఉంటుంది. ఇంజను నుంచి చివరి పెట్టె దాకా ఒకే బ్రేకు పైపు, అందులో 5 కేజీల ఒత్తిడి. ఆ ఒత్తిడి ఉన్నంతసేపూ బ్రేకులు విడి ఉంటాయి. పైపు తెగినా, రైలు రెండు ముక్కలైనా ఒత్తిడి పడిపోతుంది. అంతే, ఎవరూ చెప్పకుండానే ప్రతి టాంకీ తన బోగీకి బ్రేకు వేస్తుంది.

మొదట్లో ఇలా లేదు. జార్జ్ వెస్టింగ్‌హౌస్ 1869లో చేసిన తొలి గాలి బ్రేకులో, గాలి పంపితేనే బ్రేకు పడేది. గొట్టం పగిలితే రైలుకు బ్రేకే లేదు. 1872లో ఆయన లెక్క తిరగేశాడు. గాలి ఉంటే పరుగు, గాలి పోతే ఆగడం. అయినా చాలా రైళ్ళు పాత పద్ధతినే వదల్లేదు. 1889 జూన్ 12న ఐర్లండ్‌లోని ఆర్మా దగ్గర విహారానికి వెళ్తున్న రైలు ఎత్తు ఎక్కలేక ఆగిపోయింది. కొన్ని పెట్టెలు ముందు తీసుకెళ్దామని రైలును విడదీశారు. దాని బ్రేకులు తమంతట తాము పడే రకం కావు. విడిపోయిన పెట్టెలు వాలులో వెనక్కి జారి, వెనకాల వస్తున్న రైలును గుద్దుకున్నాయి. దాదాపు 80 మంది పోయారు, అందులో చాలామంది పిల్లలు. ఆ ఏడాదే బ్రిటన్ ప్రయాణికుల రైళ్ళకు తమంతట తాము పడే బ్రేకులు ఉండి తీరాలని చట్టం చేసింది. ఈ షెడ్డులో మీరు విన్న ఆ టక్కు వెనక ఆ పిల్లలున్నారు.

ఇటు బల్ల దగ్గరికి రండి. ఇది ఈ వించ్ నుంచి తీసిన పాత లీవరు. మెడ దగ్గర వేలితో రాసి చూడండి. గీతలు తగులుతున్నాయా? బైండింగ్ వైరు కట్టిన గుర్తులవి. పట్టుకుని పట్టుకుని చెయ్యి నొప్పెట్టిందేమో, ఎవరో లీవరును ‘ఎత్తు’ వైపు లాగి కట్టేశారు. చెయ్యి వదిలితే ఆగాలన్న ఏర్పాటు ఆ రోజంతా లేనట్టే. మనిషి కళ్ళు తిరిగి పడిపోయినా డ్రమ్ము తిరుగుతూనే ఉండేది.

దాని పక్కనున్న మట్టి ఉండ చూడండి. రేగుపండంత ఉంటుంది. బ్రేకు గాలి బయటికి పోయే రంధ్రంలో కందిరీగ కట్టుకున్న గూడు అది. వించ్ వచ్చిన రోజు 200 కిలోలు కట్టి ఎత్తి, లీవరు వదిలాం. బరువు ఆగలేదు. మూరెడు జారి అప్పుడు ఆగింది. స్ప్రింగులు బాగానే ఉన్నాయి, పళ్ళేలూ బాగానే ఉన్నాయి. రంధ్రం మూసుకుపోవడంతో బ్రేకులో చిక్కుకున్న గాలి నెమ్మదిగా కారింది. అది కారే లోపలే బరువు జారింది. ఆ మూరెడులో కింద ఒక మనిషి చెయ్యి ఉండి ఉంటే? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అందుకే ఇప్పుడు ఆ రంధ్రానికి ఇత్తడి జాలీ మూత బిగించాం.

ఇక బరువు కడదాం. మీరు ఆ పసుపు గీత వెనక్కి వెళ్ళండి. తాడు సాగి తెగితే కొరడాలా కొడుతుంది, దాని దారిలో ఎవరూ నిలబడకూడదు. ఇనుప దిమ్మలు 1250 కిలోలు. వించ్ బలానికి పావు వంతు ఎక్కువ. పైన దూలానికి ఉన్న కప్పీ మీద మాత్రం దాదాపు రెండింతలు పడుతుంది. తాడు ఒక పక్క బరువు లాగుతుంది, ఇంకో పక్క వించ్ లాగుతుంది కదా. దూలం ఆ లెక్కకే వేయించాం.

మా షెడ్డులో పనిచేసే కుర్రాడు బెంగాలీ. “ఆస్తే, దాదా, ఆస్తే!” అని అరుస్తున్నాడు. మెల్లగానే లేపుతున్నాను. జానెడు. చాలు. వదిలాను. టక్. చాక్‌పీసుతో డ్రమ్ము అంచు మీద నుంచి ఫ్రేము మీదికి ఒకే గీత గీస్తున్నాడు. బ్రేకు జారితే ఆ గీత రెండుగా విరుగుతుంది. పది నిమిషాలు ఎవరూ మాట్లాడరు.

గీత విరగలేదు. దించేశాం.

ఇంతసేపూ బరువు మించకుండా కాపాడే సాధనాన్ని పరీక్ష కోసం పక్కన పెట్టాం. ఇప్పుడు దాన్ని తిరిగి బిగిస్తున్నాను. ఇది ఎందుకని చాలామంది అడుగుతారు. గాలి మోటారు మోయలేని బరువు పడితే ఆగిపోతుంది, కరెంటు మోటారులా కాలిపోదు. అది దాని మంచి గుణం. మనుషులను ఏమరపాటులో పడేసేదీ ఆ గుణమే. ఎందుకంటే ఆగిపోయే ముందు అది లాగే లాగుడు తాడు తట్టుకునే హద్దు దాటవచ్చు. ఆరు కేజీల వించ్‌కు ఎవరైనా ఎనిమిది కేజీల గాలి కలిపితే లాగుడు ఇంకా పెరుగుతుంది. డ్రమ్ము మీద తాడు ఎన్ని వరసలు ఉందన్నదీ లెక్కలోకి వస్తుంది. అడుగు వరసలో ఉన్నంత లాగుడు పై వరసలో ఉండదు. అందుకే బరువును తూచి, మించితే గాలిని కోసేసే సాధనం విడిగా ఉండాలి. యూరప్ యంత్ర నియమాలు 1000 కిలోలు, ఆపైన ఎత్తే యంత్రాలకు దీన్ని తప్పనిసరి చేశాయి. ఎత్తే యంత్రం మీద ఎంత బరువు క్షేమమో రాసి ఉండాలని, పరీక్షకు తప్ప అంతకు మించి ఎత్తకూడదని, ఏడాదికి ఒకసారైనా అర్హుడైన మనిషి దాన్ని పూర్తిగా చూడాలని మన ఫ్యాక్టరీల చట్టం, 1948 నియమం పెట్టింది.

అదే 1250 మళ్ళీ ఎత్తబోతున్నాను, చూడండి. తాడు బిగిసింది. మోటారు మూలిగింది. బుస్! గాలి బయటికి పోయింది. దిమ్మలు నేల వదల్లేదు. లీవరు ఇంకా లాగే ఉన్నాను, అయినా ఎత్తదు. ‘దించు’ వైపు తోస్తే మాత్రం ఒప్పుకుంటుంది, అదిగో తాడు వదులైంది. ఎత్తడానికి దారి మూసినా దించడానికి దారి వదలాలి. లేకపోతే పెద్ద బరువు గాల్లో వేలాడుతూ ఉండిపోతుంది. ఆ సాధనం మరలకు సీలు వేశాను.

హద్దులు చూడటం త్వరగా అయిపోతుంది. కొక్కెం పైకి వచ్చి కప్పీని తాకబోయే ముందు ఒక చిన్న మీట గాలిని ఆపింది. కిందికి వదిలితే, డ్రమ్ము మీద మూడు చుట్లు మిగిలి ఉండగానే ఇంకో మీట ఆపింది. ఆ మూడు చుట్ల ఒరిపిడే తాడు కొసను కాపాడేది. అవి కూడా విడిపోతే బరువంతా కొసను పట్టుకున్న బిగింపు మీదే పడుతుంది.

“కాక్‌లు మరిచిపోకు,” అన్నారు నాన్న. ఆయన ప్రతిసారీ అనే మాట, ఒక రైలు ప్రమాదం గుర్తొచ్చి. 1988 జూన్ 27న పారిస్ గార్ ద లియోన్ స్టేషనులోకి ఒక రైలు ఆగకుండా దూసుకొచ్చి, నిలిచి ఉన్న రైలును గుద్దింది. 56 మంది చనిపోయారు. అంతకుముందు దారిలో ఒక ప్రయాణికురాలు అత్యవసర బ్రేకు లాగింది. బ్రేకులు విడిపించే హడావుడిలో మొదటి పెట్టె వెనక బ్రేకు పైపు కాక్ ఒకటి మూసుకుపోయింది. బ్రేకులు ఎందుకు విడవడం లేదో తెలియక, వెనక పెట్టెల్లోని గాలి చేత్తో వదిలేశారు. పట్టిన బ్రేకులు విడాయి, రైలు కదిలింది. కానీ ఆపడానికి మొదటి పెట్టె బ్రేకులు తప్ప ఏమీ మిగల్లేదు. యంత్రం ఆగి ఉండటానికి ఒక కారణం ఉంది. ఆ కారణం వెతకడం మానేసి కదలిక కోసం చూశారు. లీవరుకు వైరు కట్టిన చెయ్యి చేసిందీ అదే.

చివరి పరీక్ష. ఇప్పుడు కొక్కేనికి 1000 కిలోలు, దీని అసలు బరువు. లేపుతున్నాను. మోకాలెత్తు. నడుమెత్తు. నేను లీవరు వదలను. ఆ ఎర్ర బొత్తాం మీరు నొక్కండి. అవును, మీరే. అది ప్రధాన గాలిని కోసి, లోపల మిగిలినదంతా బయటికి వదిలేస్తుంది. భయపడకండి, అరచేత్తో గట్టిగా.

బుస్. టక్.

నా చెయ్యి ఇంకా లీవరును లాగే ఉంది. గేజు ముల్లు సున్నాకు పడిపోయింది. కంప్రెసర్ కూడా ఆపించాను. యంత్రంలో ఊపిరి లేదు, టన్ను ఇనుము నడుమెత్తున వేలాడుతోంది. కుర్రాడు చాక్‌పీసుతో గీత గీసి పక్కకు తప్పుకున్నాడు. నాన్న స్టూలు మీద నుంచి లేచి, కళ్ళద్దాలు తుడుచుకుని, వంగి ఆ గీతనే చూస్తున్నారు. స్టేషను వైపు నుంచి మళ్ళీ ఒక బుస్సు. ఆయన తల తిప్పలేదు.

పది నిమిషాలయింది. గీత ఒక్కటిగానే ఉంది.

“పంపించు,” అన్నారు.