పన్ను తీయవలసినది ఎప్పుడు? నూరేళ్ల నాటి గుణపాఠం

పన్ను పీకిస్తే పీడ విరగడవుతుందన్న మాట మన ఇళ్లలో ఇప్పటికీ వినిపిస్తుంది. నూరేళ్ల క్రితం పాశ్చాత్య వైద్యులలో చాలామంది ఇదే నమ్మి, నొప్పి లేని పళ్లను సైతం తీయించారు.

1910లో లండన్ వైద్యుడు విలియం హంటర్ కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో ప్రసంగిస్తూ, చీము పట్టిన పంటి మూలాలపై బంగారు తొడుగులు బిగించే పద్ధతిని తీవ్రంగా విమర్శించాడు. నోటిలో దాగిన ఆ చీమే అనేక దీర్ఘవ్యాధులకు మూలమన్నాడు. షికాగోలో ఫ్రాంక్ బిల్లింగ్స్ ఈ భావానికి సిద్ధాంతరూపం ఇచ్చాడు. అదే ‘ఫోకల్ ఇన్ఫెక్షన్’ సిద్ధాంతం. అప్పటికే ఎక్స్‌రే అందుబాటులోకి వచ్చింది. పంటి మూలం కొనన నీడ కనిపిస్తే చాలు, కీళ్లనొప్పులకు ఆ పన్నే కారణమని తేల్చేవారు. రూట్ కెనాల్ చికిత్స అపఖ్యాతి పాలైంది.

అమెరికాలోని ట్రెంటన్ మానసిక వైద్యశాలలో హెన్రీ కాటన్ మరీ ముందుకు వెళ్లాడు. పిచ్చికీ ఇన్ఫెక్షనే కారణమని నమ్మి రోగుల పళ్లు, టాన్సిళ్లు, చివరకు పెద్దప్రేగు భాగాలు కూడా తీయించాడు. ప్రేగు శస్త్రచికిత్సలలో ఎందరో మరణించారు. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టినట్లయింది.

లోపం ఎక్కడుంది? కీళ్లవాపు వంటి జబ్బులు వాటంతటవే హెచ్చుతూ తగ్గుతూ ఉంటాయి. పన్ను తీసిన తరువాత తగ్గితే ఘనత చికిత్సకు దక్కేది. పళ్లు తీయని వారితో పోల్చి చూసినవారు అరుదు. 1920ల ఆరంభంలో న్యూయార్క్‌లో నికొలస్ కోపెలాఫ్ బృందం మానసిక రోగులలో అలా పోల్చి చూడగా ప్రయోజనమేమీ కనిపించలేదు. 1938లో సెసిల్, ఆంజెవైన్ అనే వైద్యులు 200 మంది రుమటాయిడ్ కీళ్లవాపు రోగులను పరిశీలించి, పళ్లు, టాన్సిళ్లు తీయించడం వల్ల మేలు జరగలేదని తేల్చారు. క్రమంగా ఆ సిద్ధాంతం వెనుకబడింది.

అయితే అందులో సత్యాంశం లేకపోలేదు. నోటి సూక్ష్మజీవులు రక్తంలో చేరి, దెబ్బతిన్న గుండె కవాటాలకు ప్రమాదం తేగలవు. కనుక పంటి చీమును ఉపేక్షించరాదు. కానీ చీమును తొలగించడం వేరు, పంటినే తొలగించడం వేరు.

నేడు పన్ను తీయడానికి కారణం ఆ పంటిలోనే కనబడాలి. మూలం నిలువునా చీలినప్పుడు, తిరిగి కట్టడానికి వీలులేనంతగా పుచ్చినప్పుడు, ఆధారమైన ఎముక కరిగి పన్ను బాగా కదులుతున్నప్పుడు, సగం మొలిచిన జ్ఞానదంతం చుట్టూ మాటిమాటికీ వాపు వస్తున్నప్పుడు తీయడమే మేలు. నొప్పి తీవ్రత ఒక్కటే కొలమానం కాదు. భరించలేని నొప్పి ఉన్న పంటిని కూడా తరచూ రూట్ కెనాల్‌తో నిలబెట్టవచ్చు.

పన్ను తీయాలని వైద్యుడు చెప్పినప్పుడు, “దీన్ని నిలబెట్టే మార్గం ఉందా? ఎందుకు లేదు?” అని అడగండి. ఆ రెండు ప్రశ్నలు అడగడం రోగి హక్కు.