మక్కచేను లెక్క: చేతిపని ఎక్కడ మిగులు, యంత్రం ఎక్కడ మిగులు

నిజామాబాద్, కరీంనగర్ వైపు మక్కలు కోతకొచ్చిన రోజుల్లో రోడ్ల వెంట టార్పాలిన్ల మీద పచ్చని గింజలు బారులు తీరి ఆరుతుంటాయి. పొద్దున పరచడం, మధ్యాహ్నం కాళ్లతో తిరగేయడం, మబ్బు పడితే పరుగున కప్పడం ఇంటిల్లిపాదికీ పని. చేలో కోత మిషన్ గంటా రెండు గంటల్లో ముగించిన ఎకరం పని ఇక్కడ రోజుల తరబడి సాగుతుంది. యాంత్రీకరణ లెక్కల్లో ఈ రోజులు అరుదుగా కనిపిస్తాయి.

కొనుగోలు కేంద్రాల్లో తేమ 14 శాతం మించకూడదు. మిషన్ కోసిన గింజలో 22 శాతం తేమ ఉందనుకుంటే, అది 14కు దిగేసరికి క్వింటాలు 90.7 కిలోలకు వస్తుంది. పోయింది నీరే. కానీ వానకు భయపడి పచ్చిగింజే అమ్ముకునే రైతుకు వ్యాపారి అంతకు మించి తరుగు తీస్తే, ఆ తేడా అచ్చంగా రైతు సొమ్ము. పాత పద్ధతిలో కంకి చాలావరకు చేలోనే ఎండేది, మిగతా తడి కల్లంలో ఆరేది.

2025-26కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,400 రూపాయలు. ఉత్పత్తి ఖర్చును 1,508 రూపాయలుగా కట్టారు. ఈ 1,508లో చేతి నుంచి పెట్టిన డబ్బుతో పాటు కుటుంబ శ్రమకు వేసిన విలువ కూడా కలిసి ఉంటుంది. మెలిక ఇక్కడే ఉంది. ఆలుమగలు కలిసి కలుపు తీసి కంకులు విరిస్తే ఆ ఖర్చు కాగితం మీదే ఉండిపోతుంది. అదే పని మిషన్‌కు అప్పగిస్తే పంట అమ్మకముందే నోట్లు లెక్కపెట్టాలి. కూలీలను పిలిచే రైతుకు మిషన్ ఆదా. సొంత రెక్కల మీద నడిచే ఇంటికి, మిగిలిన రోజుల్లో వేరే కూలి దొరకకపోతే, అదే మిషన్ అప్పు.

ఇది మన దగ్గరి సంగతే కాదు. 1940లలో మెక్సికోలోని తెపోస్త్‌లాన్ గ్రామాన్ని పరిశీలించిన మానవశాస్త్రవేత్త ఆస్కార్ లూయిస్, ఎద్దుల నాగలితో సాగేవారినీ, ఉమ్మడి కొండనేలల్లో చేతి పనిముట్లతో మొక్కజొన్న వేసేవారినీ పోల్చారు. రెండోవారికి రోజులు ఎక్కువ పట్టేవి, పెట్టుబడి మాత్రం దాదాపు అక్కర్లేదు. భూమీ ఎద్దులూ లేనివారికి అదే దారి.

నూర్పిడి విషయంలో మాత్రం వాదనే లేదు. చేత్తో ఒలిచి బొబ్బలెక్కినవాళ్లెవరూ ఆ రోజులు మళ్లీ రావాలని కోరుకోరు. ట్రాక్టర్‌తో నడిచే నూర్పిడి మిషన్ ఊరూరా నిలదొక్కుకుంది, బెండ్లు పొయ్యిలోకి వెళ్తున్నాయి. కంకి చేత్తో విరిచి మిషన్‌కు పోస్తే చొప్ప నిలువునా మిగులుతుంది. హార్వెస్టర్ దాన్ని నలిపి చేలోనే చల్లుతుంది. బర్రెలున్న ఇంటికి అది మేత నష్టం. బర్రెలు లేని రైతుకు చొప్ప కొట్టించే ఖర్చు తప్పినట్టు.

కృష్ణా, గుంటూరు మాగాణుల్లో కథ ఇంకోలా నడిచింది. వరి తర్వాత వేసే మినుమును బంగారుతీగ కలుపు, పల్లాకు తెగులు దెబ్బతీయడంతో చాలామంది మొక్కజొన్నకు మారారు, అదీ దున్నకుండా. వరి కోసిన తడినేలలో కర్రతో గుంత చేసి గింజ వేస్తారు, కలుపుకు అట్రాజిన్ లాంటి మందు కొడతారు. వరుసకూ వరుసకూ 60, మొక్కకూ మొక్కకూ 20 సెంటీమీటర్లు పెడితే ఎకరానికి 33 వేలకు పైగా గుంతలు! దున్నకం ఖర్చు మొత్తం పోయింది, గింజ వేసే చేతులు మిగిలాయి. దీన్ని సంప్రదాయ సాగు అనాలో ఆధునిక సాగు అనాలో చెప్పడం కష్టం. లాభం మాత్రం ట్రాక్టర్‌ను పిలవకపోవడంలో ఉంది.

2015-16 వ్యవసాయ గణన ప్రకారం సగటు కమతం తెలంగాణలో 1.00 హెక్టారు, ఆంధ్రప్రదేశ్‌లో 0.94. ఇంత చెక్కకు సొంత హార్వెస్టర్ ఎవరూ కొనరు, అద్దెకే తెచ్చుకుంటారు. ఊరంతా ఒకేసారి కోతకొస్తే వంతు కోసం ఎదురుచూపులు తప్పవు. 2014-15లో మొదలైన కేంద్ర యాంత్రీకరణ పథకం యంత్రాల కొనుగోలుకూ అద్దె కేంద్రాలకూ రాయితీ ఇస్తోంది. మక్కరైతు వరకు ఆ డబ్బులో కొంత సిమెంటు కల్లాలకూ, గింజ ఆరబెట్టే డ్రయ్యర్లకూ మళ్లితే, కోతలో మిగిలిన రోజులు రోడ్డు మీద టార్పాలిన్ల దగ్గర ఖర్చు కావు.